పాముల్లో ఆడదేదో, మగదేదో చూసి గుర్తుపట్టవచ్చా?

దూరం నుంచి చూసి చెప్పడం చాలా వరకు కుదరదు. మన ప్రాంతపు పాముల్లో రంగు, పడగ, తల ఆకారం ఆడామగలకు దాదాపు ఒకేలా ఉంటాయి. అసలు తేడా తోకలో ఉంది.

పాము పొట్ట వైపు, తోక మొదలయ్యే చోట అడ్డంగా ఒక చీలిక ఉంటుంది. మలవిసర్జన, సంపర్కం రెండూ దాని ద్వారానే. మగపాముకు జననాంగాలు రెండు. మామూలు సమయంలో అవి తోక మొదట్లో లోపలికి ముడుచుకుని ఉంటాయి. అందుకే మగదాని తోక చీలిక దాటాక కూడా కొంత దూరం లావుగా సాగి, ఆ తర్వాతే సన్నబడుతుంది. సాధారణంగా పొడవు కూడా ఎక్కువే. ఆడదాని తోక పొట్టిగా ఉండి, చీలిక దాటగానే సన్నబడిపోతుంది. అయితే ఇది చూడాలని పామును పట్టుకోకండి, ఆ పని శిక్షణ ఉన్నవారిది.

చాలా జాతుల్లో ఆడవే పెద్దవి. ఒళ్లు పెద్దదైతే ఎక్కువ గుడ్లు మోయగలదు. కొండచిలువ అలాంటిదే. మగవి ఒకదానితో ఒకటి కలబడే రాచనాగు, జెర్రిపోతు వంటి వాటిలో మగవే పెద్దవి.

పొలం గట్టున రెండు జెర్రిపోతులు పెనవేసుకుని పైకి లేస్తుంటే జంట అనుకుంటాం. చాలాసార్లు అవి బలం తేల్చుకుంటున్న రెండు మగపాములు. నాగుపాముకు జెర్రిపోతే మగతోడు అన్న నమ్మకం కూడా పూర్తిగా తప్పు. అవి వేర్వేరు జాతులు, దేని ఆడామగలు దానికి ఉన్నాయి.

పూలకుండీల మట్టిలో కనిపించే సన్నని గుడ్డిపాములో మాత్రం అన్నీ ఆడవే. మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి.