నర్మగర్భమా, మర్మగర్భమా?

ప్రశ్న: పార్టీ మారుతున్నారా అని విలేకరులు అడిగితే ఒక నాయకుడు నవ్వి, “ఈ సంక్రాంతికి ఎవరి వాకిట్లో ముగ్గు తొక్కుతానో మీరే చూస్తారుగా” అన్నారట. ఆయన “మర్మగర్భంగా వ్యాఖ్యానించారు” అని వార్తలో రాశారు. నేను పైకి చదువుతుంటే మా నాన్నగారు ఆపి, అది “నర్మగర్భం” అని దిద్దారు. ఏది సరైనది? నర్మం అంటే ఏమిటి? అన్యాపదేశం అన్నా ఇదేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ నాన్నగారు చెప్పినదే అసలు మాట. నర్మం అంటే పరిహాసం, ఆట, సరసం. సంస్కృత పర్యాయపదాల నిఘంటువైన అమరకోశం నాట్యవర్గంలో “ద్రవకేళిపరీహాసాః క్రీడా లీలా చ నర్మ చ” అని ఆరు పేర్లను ఒకే వరుసలో చెప్పింది. రాజుకు వినోదాలలో తోడుండేవాడు నర్మసచివుడు. ఆనందాన్ని ఇచ్చేది కనుక నది నర్మద. ఇక గర్భం అంటే లోపలి చోటు. రత్నాలు కడుపులో గల భూమి రత్నగర్భ అయినట్టే, పరిహాసం లోపల గల మాట నర్మగర్భమైన మాట.

ఈ సమాసం నాట్యశాస్త్రంలోనే ఉంది. శృంగార హాస్యాలకు అనువైన నాటక శైలి కైశికీ వృత్తి. దానికి చెప్పిన నాలుగు అంగాలలో చివరిది నర్మగర్భం. నాయకుడు తన పని నెరవేర్చుకోవడానికి తానెవరో తెలియనీయకుండా మరుగున మెలగడాన్ని అక్కడ ఆ పేరుతో పిలిచారు. అక్కడ మనిషి మరుగున ఉంటాడు, మన వాడుకలో మాట వెనుక ఉద్దేశం మరుగున ఉంటుంది. ఈ పోలిక నాకు చాలా ఇష్టం.

నర్మం అనే విడి మాట మనకు దూరం కావడమే ఈ తికమకకు కారణమని నా అభిప్రాయం. వామనుడికి దానం ఇవ్వవద్దని బలిని వారిస్తూ, ఏయే సందర్భాలలో బొంకవచ్చునో శుక్రాచార్యుడు చెప్పే శ్లోకం సంస్కృత భాగవతం అష్టమస్కంధంలో “స్త్రీషు నర్మవివాహే చ” అని మొదలవుతుంది. దానిని పోతన “వారిజాక్షులందు వైవాహికములందు” అని తెనిగించినప్పుడు స్త్రీలూ పెళ్లిళ్లూ వచ్చాయి గాని నర్మం రాలేదు. వచ్చి ఉంటే, ఎందరికో కంఠస్థమైన ఆ పద్యంతో పాటే ఈ మాట కూడా నాలుకల మీద నిలిచి ఉండేది. తెలియని నర్మం చోట, అందరికీ తెలిసిన మర్మం వచ్చి కూర్చున్నది.

మర్మం గర్భంలో గలది మర్మగర్భం అని విగ్రహవాక్యం చెప్పవచ్చు కనుక ఆ సమాసాన్ని వ్యాకరణం తప్పు పట్టదు. అర్థం మాత్రం మారిపోతుంది. మర్మం అంటే దెబ్బ తగిలితే ప్రాణం పోయే ఆయువుపట్టు. ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు శరీరంలో మర్మస్థానాలు 107 అని లెక్క చెప్పాడు. కప్పి కాపాడుకోవలసిన చోటు కనుక తెలుగులో ఆ మాటకు రహస్యమనే అర్థం స్థిరపడింది. మర్మాన్ని దాచుకుంటాం, నర్మాన్ని ఎదుటివారు పసిగట్టాలనే అంటాం. పక్కింటి పిన్నిగారు వచ్చి అరగంట కూర్చున్నా కాఫీ ఊసు రాకపోతే, “మీ వీధిలోకి పాలవాడు రావడం మానేశాడటమ్మా?” అని నవ్వుతూ అడుగుతారు. ఆ ఇంటి అమ్మాయి నాలుక కరుచుకుని, “అయ్యో పిన్నిగారూ, రెండే నిమిషాలు” అంటూ వంటింట్లోకి పరుగెడుతుంది. అడిగినట్టూ లేదు, అడగనట్టూ లేదు. ఎవరి మనసూ నొచ్చుకోలేదు. నర్మగర్భమంటే అది.

అన్యాపదేశం దీనికి చుట్టమే గాని ఇదే కాదు. అపదేశమంటే నెపం, అమరకోశంలో నర్మం వెంటనే వచ్చే పాదం “వ్యాజోఽపదేశో లక్ష్యం చ” అన్నదే. ఒకరిని నెపంగా పెట్టుకుని మరొకరికి తగిలేలా అనడం అన్యాపదేశం. ఆలస్యంగా లేచిన కోడలు వినేటట్టు అత్తగారు పిల్లితో, “పొద్దెక్కేదాకా పడుకుంటే నీకు పాలెవరు పోస్తారే?” అన్నారనుకోండి, అది అన్యాపదేశం. దీన్నే మన ఇళ్లలో పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి అనడం అంటారు. ఇందులో నవ్వు ఉండవచ్చు, ఉండకపోవచ్చు; తరచుగా ఉండదు.

మీరు చదివిన వార్తలోని నాయకుడు రహస్యం దాచలేదు, ఇంకొకరిని నెపంగా వాడుకోలేదు. తన ఉద్దేశాన్ని సంక్రాంతి ముగ్గు చాటున పెట్టి, అది విలేకరులకు అందాలనే నవ్వారు. ఆ వాక్యంలో “నర్మగర్భంగా” అనే రాయవలసింది.