టేపు సంగతి తర్వాత

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం, ఇద్దరం ఉద్యోగస్తులమే. పాత సూపర్‌హీరో సినిమాల ఒరిజినల్ పోస్టర్లు సేకరిస్తాను. 1966 నాటి బ్యాట్‌మ్యాన్ పోస్టరు 900 డాలర్లకు కొన్నాను. మా ఆవిడకు మాత్రం 20 డాలర్ల ప్రింటని చెప్పాను. ఆర్నెల్లు ఉందామని వచ్చిన మావయ్యగారు, రిటైర్డ్ టీచరు, మడత దగ్గర చిరిగిందని వెనకాల సెల్లోటేపు వేసేశారు. పట్టలేక అరిచాను. అప్పట్నుంచి ఆయన మాతో కలిసి భోంచేయడం లేదు, టికెట్ ముందుకు జరపమంటున్నారు. టేపు ఎలా తీయాలి? నా వస్తువులు ముట్టుకోవద్దని ఆయన్ని నొప్పించకుండా ఎలా చెప్పాలి?

జవాబు: టేపు మీరు పీకకండి. హెయిర్ డ్రయ్యర్ ప్రయోగాలూ వద్దు. జిగురు పసుపెక్కి కాగితంలోకి ఇంకకముందే, పాత కాగితాలు బాగుచేసే కన్సర్వేటర్‌కి ఇవ్వండి. ఇక రెండో ప్రశ్న. నొప్పించడం అయిపోయాక నొప్పించకుండా చెప్పేదేముందండీ?

ఆయన చేసిన తప్పేమిటి? ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల చిరిగిన పుస్తకాలు అతికించిన చెయ్యి అది. అల్లుడి ఇంట్లో చిరుగు కనిపిస్తే ఊరుకుంటుందా? పైగా ఆ ఇంట్లో అందరికీ తెలిసిన ధర 20 డాలర్లు. ఆ రోజుల్లో పోస్టర్లను మడిచే థియేటర్లకు పంపేవారనీ, చుట్టి పంపడం 1980లలో గానీ మామూలు కాలేదనీ, ఆ మడతలే ఒరిజినల్‌కు ఒక గుర్తనీ మీకు తెలుసు. 27 బై 41 అంగుళాల కొలతా, కింది అంచున, థియేటర్లకు పోస్టర్లు పంచిన నేషనల్ స్క్రీన్ సర్వీస్ అనే కంపెనీ నంబరూ మీకు తెలుసు. ఆయనకెవరు చెప్పారు? ఆట అయిపోగానే తిరిగి పంపాలని ఆ పోస్టర్ల అంచునే అచ్చేసి ఉండేది. ఎవరో పంపకుండా దాచుకోబట్టే మీదాకా వచ్చింది. దాపరికం దానికి కొత్త కాదు లెండి.

మీ గొడవ మావయ్యగారితో కాదు, మీ ఆవిడతో. ఇంత ఉత్తరంలో ఆవిడ ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోయింది. కన్నతండ్రి మీద మీరు అరుస్తుంటే ఆవిడ ఏమందో రాయనే లేదు. 20 డాలర్ల కాగితం కోసం మా నాన్నను ఇంత మాటంటాడా అని లోలోపల కుమిలిపోతూ ఉంటుంది. 900 ఖర్చుపెట్టడం నాకు తప్పుగా తోచలేదు. ఇద్దరూ సంపాదిస్తున్న ఇంట్లో దొంగచాటుగా కొనుక్కోవాల్సిన ఖర్మేమిటన్నదే నాకు అర్థం కాలేదు. ఆవిడ వద్దంటుందని భయమా? అడిగితే కదా అనడానికి!

కూతురి ఇంట్లో నాలుగు రోజులు ఎక్కువుంటేనే బెరుకుపడే తరం ఆయనది. అలాంటి మనిషి పళ్లెం విడిగా పెట్టుకుంటుంటే మీకు ముద్ద ఎలా దిగుతోంది?

ఈ రాత్రే ఆవిడకు అన్ని పోస్టర్ల ధరలూ చెప్పండి, ఈ ఒక్కదానిదే కాదు. కోప్పడితే పడనివ్వండి, మధ్యలో అడ్డుపడి సంజాయిషీలు మొదలుపెట్టకండి. తర్వాత మావయ్యగారి దగ్గరికి మీరొక్కరే వెళ్లండి. ఆవిడను రాయబారం పంపొద్దు. క్షమించమని అడిగి, ఆ పోస్టరు ఆయన ముందు పరిచి, నంబరు ఎక్కడుందో, మడతల సంగతేమిటో చూపించండి. చదువు చెప్పిన మనిషి, శ్రద్ధగా వింటారు. అయినా వెళ్తానంటే టికెట్ మార్చండి, ఎయిర్‌పోర్టుకు మీరే తీసుకెళ్లండి.

రిపేరు బిల్లు వచ్చినప్పుడు ఆ కవరు మీ ఆవిడ చేతే విప్పించండి.