ఏది నొక్కినా అదే ఎర్రర్!

ప్రశ్న: రైస్ మిల్లులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను, సీ షార్ప్ భాషలో, విండోస్ తెరలు కట్టే విన్‌ఫామ్స్‌లో. ఎవరు లాగిన్ అయితే వాళ్లకు తగ్గ మెనూని డేటాబేస్ నుంచి తెచ్చి ఫర్ లూప్‌లో కడుతున్నాను. మెనూ చక్కగా వస్తోంది, కానీ ఏది నొక్కినా ఇండెక్స్ అవుటాఫ్ రేంజ్ (లిస్టులో లేని నంబర్ అడిగారు) అంటోంది. పైగా గుమాస్తాకు కనపడకుండా దాచిన 'బిల్లు రద్దు' కంట్రోల్ డి కొడితే పనిచేస్తోందట! ఏం చేయను?
- ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మీ టేబుల్ బాగానే ఉంది, తంటా అంతా లూప్‌లో లెక్క పెట్టే ఆ 'ఐ' దగ్గరే. క్లిక్‌కి రాసిన లామ్డా (అక్కడికక్కడే రాసే పేరులేని ఫంక్షన్) 'ఐ' విలువను కాపీ చేసుకోదు, ఆ వేరియబుల్‌నే పట్టుకుని కూర్చుంటుంది. 8 ఐటమ్‌లుంటే లూప్ ముగిసేసరికి 'ఐ' 8కి చేరుతుంది, ఆ తర్వాత యూజర్ తీరిగ్గా వచ్చి మొదటిది నొక్కినా చివరిది నొక్కినా అందేది ఆ 8 మాత్రమే. లిస్టు లెక్కేమో 0 నుంచి మొదలై 7తోనే అయిపోయింది, ఇక ఎర్రర్ రాక ఏమొస్తుంది? లిస్టులో ఒక్కోదాన్నీ తీసిచ్చే ఫర్‌ఈచ్ లూప్‌కి ఈ తిప్పలు 2012లో సీ షార్ప్ 5తో తప్పాయి, మామూలు ఫర్‌కి ఇప్పటికీ అంతే. లూప్ లోపల ఇంకో వేరియబుల్‌లోకి కాపీ చేసుకుంటే గండం గడుస్తుంది, కానీ నన్నడిగితే ఇక్కడ లామ్డాలే వద్దంటాను. ప్రతి ఐటమ్‌కీ మన సమాచారం దాచుకోవడానికి ఉండే ట్యాగ్‌లో దాని ఫారం కోడ్ పెట్టి, అన్నింటికీ ఒకే క్లిక్ హ్యాండ్లర్ తగిలించి, ఏ ఐటమ్ నొక్కారో చెప్పే సెండర్ నుంచి ట్యాగ్ చదవండి. రేపు మిల్లు ఓనరు మెనూ వరస మార్చమన్నా కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

రెండోదే అసలు ప్రమాదం. విజిబుల్ ఫాల్స్ చేస్తే ఐటమ్ కంటికి కనపడదు గానీ దాని షార్ట్‌కట్ కీ బతికే ఉంటుంది, ఎనేబుల్డ్ కూడా ఫాల్స్ చేస్తేనే ఆగుతుంది. హక్కు లేని ఐటమ్‌ను అసలు తయారే చేయకండి. అలా చేసినా సరే, బిల్లు రద్దు చేసే ఫంక్షన్ మొదటి లైన్లోనే ఆ యూజర్‌కి హక్కుందా అని చూడాల్సిందే, మెనూని నమ్ముకుంటే డబ్బుల దగ్గర దొరికిపోతారు.

యూజర్ మారినప్పుడు పాత మెనూని క్లియర్ చేసి వదిలేస్తున్నారేమో, అది ఐటమ్‌లను తీసేస్తుందే తప్ప డిస్పోజ్ చేయదు, అంటే అవి పట్టుకున్న వనరులను వదిలించదు. ఆ పని మీరే చేయాలి, అదీ చివరి నుంచి వెనక్కి. డిస్పోజ్ అయిన ఐటమ్ తనంతట తనే కలెక్షన్‌లోంచి జారిపోతుంది కాబట్టి ముందు నుంచి వెళ్తే ఒకటి విడిచి ఒకటి మిగిలిపోతాయి. 'తవుడు & ఊక అమ్మకాలు' లాంటి పేరుంటే మెనూలో & మాయమవుతుంది, డేటాబేస్ నుంచి తెచ్చాక దాన్ని && చేసి పంపండి.