90 వేలు కట్టే ముందు ఒక నెల ఆగండి

ప్రశ్న: మా అబ్బాయి 2024లో ఈసీఈతో బీటెక్ పూర్తి చేశాడు. క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. అప్పటి నుంచి ఇంట్లోనే ఉన్నాడు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌ వాళ్లు ఫుల్ స్టాక్ కోర్సుకు 90 వేలు అడుగుతున్నారు, నాలుగు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. మా బావమరిది కొడుకు జావా నేర్చుకుని సెటిలయ్యాడు. మావాడేమో మెర్న్ అంటున్నాడు. నాకు ఎరువుల కొట్టు ఉంది, ఫీజు కట్టగలను. దేంట్లో చేర్చమంటారు?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీరు అడిగింది జావానా, మెర్నా అని. మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం, గ్యాప్ వచ్చేసింది, ఇక వీడికి ఉద్యోగం వస్తుందా అన్న భయం. ముందు ఆ సంగతి చెప్తాను. కొన్ని పెద్ద కంపెనీల డ్రైవ్‌లలో పాసైన సంవత్సరం చూస్తారు, నిజమే. మిగతా చోట్ల 'ఇన్నాళ్లూ ఏం చేశావు' అని అడుగుతారు. తను కట్టిన యాప్ ఒకటి తెరిచి చూపించగలిగితే ఆ ప్రశ్నకు భయపడక్కర్లేదు. ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు వేలల్లో ఉన్నారు. కాబట్టి టెన్షన్ తగ్గించుకోండి.

ఇక పోలిక. స్ప్రింగ్ బూట్ (జావాతో సర్వర్ ప్రోగ్రాములు కట్టే పనిముట్టు) తో జావా ఎక్కువగా బ్యాంకులు, బీమా లాంటి పెద్ద వ్యవస్థల్లో కనిపిస్తుంది. మెర్న్ అంటే మాంగోడీబీ (డేటాబేస్), ఎక్స్‌ప్రెస్, నోడ్ (సర్వర్ వైపువి), రియాక్ట్ (తెర మీద కనిపించే పేజీకి). ముందు కనిపించే పేజీకీ, వెనక పనిచేసే సర్వర్‌కూ ఒకే జావాస్క్రిప్ట్ కాబట్టి మొదలుపెట్టడం కొంచెం తేలిక. అబ్బాయికి మెర్న్ మీద మనసుంటే అదే నేర్చుకోనివ్వండి. పట్టికల్లోని డేటాను అడిగి తీసుకునే భాష ఎస్‌క్యూఎల్‌ను మాత్రం వదలొద్దని చెప్పండి.

నా అనుమానమంతా ఈ 'ఫుల్ స్టాక్' (ముందు పేజీ, వెనక సర్వర్ రెండూ నేర్పే) కోర్సుల మీదే. కరపత్రం చూడండి: హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, రియాక్ట్, నోడ్, డేటాబేస్, గిట్, డాకర్, క్లౌడ్. నాలుగు నెలలకు పంచితే ఒక్కోదానికి రెండు వారాలు కూడా రావు. పైగా ఇలాంటి పనిముట్లలో కొన్ని కొన్నేళ్లకే పక్కకు పోతాయి. రియాక్ట్ లాంటిదే, ఒకప్పుడు అందరూ ఎగబడి నేర్చుకున్న ఆంగ్యులర్‌జేఎస్‌కు 2021 చివరితో సపోర్ట్ ఆగిపోయింది. రియాక్ట్ నేర్పేవాళ్లు మొదటి రోజు చేయించే 'క్రియేట్ రియాక్ట్ యాప్'ను కొత్త యాప్‌లకు వాడొద్దని 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ బృందమే చెప్పేసింది. జావాస్క్రిప్ట్ పుట్టింది 1995లో, ఇప్పటికీ బ్రౌజర్‌లో నడుస్తున్నది అదే. బ్రౌజర్ అడిగితే సర్వర్ ఎలా జవాబిస్తుంది, లాగిన్ ఎలా గుర్తుంటుంది, పట్టికల్లో డేటా ఎలా దాచాలి అన్నవి గట్టిగా వస్తే పైన వాడే పనిముట్టు పేరు మారినా కొన్ని వారాల్లో పట్టుకోవచ్చు.

ఈ మధ్య ఒక అమ్మాయి తన షాపింగ్ సైట్ చూపించింది. చూడ్డానికి చాలా బాగుంది. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, సర్వర్‌కు వెళ్లే ధర 1,200ని 12గా మార్చి పంపాను. ఆర్డర్ వచ్చేసింది! 'ఫారంలో చెక్ పెట్టాను కద సార్' అంది. బ్రౌజర్ నుంచి వచ్చేది ఎవరైనా మార్చగలరు, ధరను సర్వరే డేటాబేస్ నుంచి తీసుకోవాలి అని ఆ కోర్సులో ఎవరూ చెప్పలేదు. పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టు దాచడం కూడా తరచూ చూస్తుంటాను. ఏపీఐ కీని (బయటి సేవలను వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్) అందరూ కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో పెట్టేసి, తర్వాత ఫైలు తీసేశాం కదా అనుకునేవాళ్లూ ఉన్నారు. పాత కమిట్‌లలో, అంటే అక్కడ దాచి ఉండే పాత కాపీల్లో, అది అలాగే ఉంటుంది. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. ఉద్యోగం ఇచ్చేది కంపెనీ. మధ్యలో ఇన్‌స్టిట్యూట్‌ వాళ్లు గ్యారంటీ ఎలా ఇస్తారండీ? కొట్లో 90 వేల సరుకు దించుకునే ముందు పది ప్రశ్నలు వేస్తారే, ఇక్కడ ఒక్కటీ వేయలేదేం? రేపు ఎవరైనా, చేయని ఉద్యోగానికి 'రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం' అంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే చేరిన ఉద్యోగమూ పోతుంది. బావమరిది కొడుకు సంగతి భోజనాల దగ్గర ఎత్తడం ఇవాళే మానేయండి. ఆ పోలిక వింటూ కూర్చున్న పిల్లాడికి ఏ కోడూ ఎక్కదు.

ఒక నెల సమయమివ్వండి. హెల్సింకి యూనివర్సిటీ వాళ్ల 'ఫుల్ స్టాక్ ఓపెన్' కోర్సు నెట్‌లో ఉచితం, రియాక్ట్, నోడ్ రెండూ ఉన్నాయి. జావాస్క్రిప్ట్ అంతగా రాకపోతే ముందు రెండు వారాలు దాని మీదే కూర్చోమనండి. పొద్దున చదివింది సాయంత్రం మూసేసి, ఖాళీ ఫోల్డర్ నుంచి సొంతంగా రాయాలి. వీడియో చూస్తూ కొడితే వచ్చినట్టే ఉంటుంది, రాదు. చాట్‌జీపీటీని అడిగినా తప్పులేదు, కానీ అది ఇచ్చిన ప్రతి లైనూ ఎందుకుందో చెప్పగలగాలి.

ప్రాజెక్టు కోసం వెతకక్కర్లేదు, మీ కొట్లో అరువు ఖాతా పుస్తకం ఉంది కదా, దాన్నే యాప్‌గా కట్టమనండి. ఒకే ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే ఎవరి ఖాతాలో రాయాలి? రైతు సగం బాకీ కడితే ఎలా చూపించాలి? పొరపాటున రాసిన లెక్కను చెరిపేయాలా, కొట్టేసినట్టు ఉంచాలా? ఇలాంటివి కోర్సులో ఎవరూ అడగరు, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

నెల తర్వాత కూడా క్లాసు కావాలంటే పంపండి. ముందు డెమో క్లాసులు విననివ్వండి, ఫీజు వాయిదాల్లో కట్టండి. ఈలోగా ఖాతా పేజీ నడవడం మొదలైన రోజున, ఆ సాయంత్రం వచ్చిన నాలుగు బాకీలు మీ చేత్తోనే ఎక్కించి, ఎక్కడ ఇబ్బందయిందో అబ్బాయికి చెప్పండి.