పన్నెండణాల నొప్పి

ప్రశ్న: సిస్టర్ గారూ, మా అమ్మకు 68 ఏళ్లు. మొన్న మార్చిలో గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కుడి మోకీలు మార్చారు. ఆ రాత్రంతా దుప్పటి కొస నోట్లో కుక్కుకుని పడుకుంది. నర్సు వచ్చి "నొప్పి పదికి ఎంతమ్మా?" అని అడిగితే మాత్రం "రెండు" అంది. డిశ్చార్జి రోజు ఇచ్చిన కాగితంలో నొప్పికి వైద్యం ఎలా ఉందన్నచోట "చాలా బాగుంది" మీద నాచేతే టిక్కు పెట్టించింది. ఇప్పుడు ఎడమ మోకాలికి చేయాలన్నారు. "మళ్లీ ఆ రాత్రి పడలేనే" అంటోంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆ దుప్పటి మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. 33 ఏళ్లు సర్జికల్ వార్డుల్లో పనిచేశాను. అలా దుప్పటి కొరుక్కుని పడుకున్నవాళ్లు ఎందరో కళ్లముందు మెదిలారు. పదికి ఎంత అనగానే మనవాళ్లకు పరీక్ష మార్కుల్లా అనిపిస్తుంది. ఎక్కువ చెబితే ఓర్పు లేని మనిషి అనుకుంటారని, ఇంకో ఇంజెక్షనైతే బిల్లు పెరుగుతుందని, పక్కనున్న కూతురు బెంబేలు పడుతుందని, ఇన్నీ లోపల్లోపల తూచుకుని "రెండు" అంటారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పేగు ఆపరేషనైన ఒక ముసలావిడను ఇలాగే అడిగాను. "నాకు లెక్కలు రావు తల్లీ" అంది. మా వార్డు ఆయా అందుకుని "అవ్వా, రూపాయికి ఎన్నణాల నొప్పి?" అంది. "పన్నెండణాలు!" ఠక్కున వచ్చింది జవాబు, పదహారణాల రూపాయిలో ముప్పావలా అన్నమాట. ఇంజెక్షన్ చేసిన అరగంటకు మళ్లీ అడిగితే "పావలాకి దిగింది" అంది. నొప్పి స్కేలు ఎందుకుందో ఆ రోజు ఆ ఆయా దగ్గరే నేర్చుకున్నాను. మందుకు ముందు ఎంత, తర్వాత ఎంత అన్నది తెలియాలి. రక్తనాళంలోకి ఎక్కించిన మందైతే అరగంటలో, మాత్రయితే గంటకి మళ్లీ అడగాలి. రెండోసారి అడగనివాళ్లు మొదటిసారి అడిగీ దండగే. మీ అమ్మగారిని ఆ రాత్రి రెండోసారి ఎవరైనా అడిగారా?

నేనూ తప్పు చేశాను. ఒక నైట్ డ్యూటీలో కళ్లు మూసుకుని ఉన్న పేషెంటును చూసి, నిద్రపోతున్నాడనుకుని, చార్టులో "నొప్పి లేదు" అని రాసేశాను. తెల్లారాక ఆయన "కదిలితే ప్రాణం పోతుందని కళ్లు మూసుకున్నా సిస్టర్" అన్నాడు. కుట్ల భయంతో రాత్రంతా దగ్గను కూడా దగ్గలేదట, గొంతులో కఫం గరగరలాడుతోంది. పేషెంటు నొప్పి ఉందంటే ఉన్నట్టే, ఎంతంటే అంతే అని 1968లోనే అమెరికన్ నర్సు మార్గో మెక్‌కాఫరీ చెప్పింది. ఆ మాట చదువుకునే వచ్చాను. అయినా ఆయన్ను లేపి ఒక్కమాట అడగలేదు.

ఇక మీ అమ్మగారి సంగతి. వెన్నులో ఇచ్చిన మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుంది. తొడ దగ్గర నరానికి బ్లాక్ (ఆ నరాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్) ఇస్తే ఇంకొంచెంసేపు కాస్తుంది. అది దిగేటప్పుడు నొప్పి ఒక్కసారిగా ఎగదన్నుతుంది, చాలామందికి అది అర్ధరాత్రే. అందుకే ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు చూడటానికి వచ్చినప్పుడే అడగండి: బ్లాక్ ఇస్తారా, అది దిగేలోపు ఏ మందు, ఎన్నింటికి, రాత్రి నొప్పి లేస్తే ఎవరిని పిలవాలి? నొప్పి ముదిరాక ఇచ్చే మందుకన్నా వేళకు పడిన మందే బాగా పనిచేస్తుంది. కిడ్నీ జబ్బు, బీపీ, కడుపులో పుండు ఏదున్నా ముందే చెప్పండి, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు అందరికీ పడవు. ట్రమడాల్ అనే ఇంకో నొప్పి మందుతో వాంతి, కళ్లు తిరగడం వస్తే ఓర్చుకోవద్దు, మందు మారుస్తారు. అలవాటైపోతుందన్న భయంతో చాలామంది ఇంజెక్షన్ వద్దంటారు. డాక్టరు చూపులో నాలుగు రోజులు వాడితే ఆ ప్రమాదం చాలా తక్కువ. నొప్పికి జడిసి మోకాలు వంచకపోతే మాత్రం కీలు బిగుసుకుపోతుంది.

పడుకుంటే ఎంత, కాలు వంచితే ఎంత అని రెండూ చెప్పించండి. సలుపా, మంటా, జివ్వుమంటోందా అన్నదీ చెప్పించండి. జివ్వుమనే నొప్పి నరానిది కావచ్చు, దానికి మందే వేరు. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు గానీ, ఆయాసం గానీ వస్తే అంకెలు చూసుకుంటూ కూర్చోకుండా వెంటనే డాక్టర్ని పిలవండి.

ఆ టిక్కు గురించి బాధపడకండి. తలనిమిరిన నర్సు, నడుస్తానన్న ఆశ, ఇంటికెళ్తున్న సంతోషం, అన్నీ కలిసి పెట్టిన టిక్కు అది. విపరీతంగా నొప్పి పడినవాళ్లు కూడా తృప్తిగా ఉందని రాయడం అన్ని దేశాల్లోనూ కనిపించేదే. అమెరికాలో ఇలాంటి జవాబులను ఆస్పత్రులకిచ్చే డబ్బుతో ముడిపెట్టారు. మార్కుల కోసం మత్తు కలిగించే నొప్పి మాత్రలు ఎక్కువ రాస్తారేమోనన్న ఆందోళన రేగి, 2016లో నొప్పి ప్రశ్నలను ఆ లెక్కలోంచి తీసేస్తున్నామని ప్రకటించారు. నాకు టిక్కుల మీద నమ్మకం లేదు. ఈసారి కాగితంలో ఖాళీ ఉన్నచోట "మొదటి రాత్రి ఇన్నింటినుంచి ఇన్నింటిదాకా నొప్పి, ఇన్నిసార్లు అడిగారు" అని రాయండి. చదివిన సిస్టరుకు అది పనికొస్తుంది.

పావలా, అర్ధ, ముప్పావలా లెక్క మీ అమ్మగారికి వచ్చే ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు రోజే ఇద్దరూ కూర్చుని అర్ధరూపాయి దాటితే బెల్లు నొక్కాలని ఒప్పందం చేసుకోండి. ఆ లెక్క డ్యూటీ సిస్టరుకూ చెప్పి ఉంచండి.