మీ కోడలి జుట్టు కాదమ్మా, మీ తోటికోడలి నోరు

"మాది గుంటూరు. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. అక్కడి నల్లజాతి అమ్మాయిని చేసుకున్నాడు. మాకేం అభ్యంతరం లేదు, అమ్మాయి మంచిదే, నర్సుగా చేస్తుంది. మనవరాలికి ఐదో ఏడు. ఆరు నెలలు ఉందామని వచ్చాను. కోడలు పిల్లకు పది రోజులకోసారి తలంటుతుంది. ఆదివారం పూటంతా ఆ జుట్టుతోనే సరి. మురికి పట్టదా అని ఓ రోజు తను డ్యూటీకి వెళ్లినప్పుడు నేనే కొబ్బరినూనె పెట్టి సన్నపళ్ల దువ్వెనతో చిక్కు తీశాను. పిల్ల ఏడ్చింది. 'నానమ్మ నా జుట్టు డర్టీ అంది' అని తల్లితో చెప్పింది. మూడు వారాలుగా కోడలు నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. అబ్బాయిని అడిగితే 'వదిలేయ్ అమ్మా' అంటాడు. మే నెలలో తెనాలిలో మా తోటికోడలి కూతురి పెళ్లి. కోడలి ఫొటో చూసి ఆవిడ 'అది విగ్గా? అసలు తలస్నానం చేస్తుందా?' అని చుట్టాల గ్రూపులో పెట్టింది. తిరుపతిలో పిల్లకు పుట్టువెంట్రుకలు తీయిస్తే జుట్టు తిన్నగా వస్తుందా? పెళ్లికి ముందు హైదరాబాద్‌లో స్మూతెనింగ్ చేయించుకోమని కోడలికి ఎలా చెప్పాలి? ఖర్చు నేనే పెట్టుకుంటాను."

ముందు మీరు అడిగిన రెండింటికీ జవాబు. గుండు చేయిస్తే జుట్టు తిన్నగా రాదు. స్మూతెనింగ్ మాట కోడలి దగ్గర ఎత్తకండి. మీ ప్రశ్నలు అయిపోయాయి.

నిడివి కోసం మీ ఉత్తరం కుదించి వేశాం గానీ, మొత్తం నాలుగు పేజీలూ చదివాను. అందులో కోడలి పేరు ఒక్కచోట కూడా లేదు. తోటికోడలి ప్రస్తావన తొమ్మిది చోట్ల ఉంది. మీరు కాపురానికొచ్చిన కొత్తలో 'ఎలుక తోకంత జడ' అని ఆవిడ పదిమందిలో నవ్విందనీ, ఆ తర్వాత సవరం లేకుండా ఏ పేరంటానికీ వెళ్లలేదనీ మూడో పేజీలో మీరే రాశారు. ముప్పై ఒక్క ఏళ్ల కిందటి మాట అది. ఇవాళ మీరు డాలస్‌లో కూర్చుని చూస్తున్నది కోడలి తలను కాదు, ఆ తలను చూసి తెనాలిలో ఆవిడ ఏమంటుందోనని. అప్పట్లో మీరు మింగిన మాటను ఇప్పుడు మనవరాలికి తినిపిస్తున్నారు. ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ఆవిడ సంగతికి మళ్లీ వస్తాను. మీరు ఆ పిల్ల తల మీద చేసిన పనేమిటో ముందు తెలియాలి.

వెంట్రుక తిన్నగా రావాలో ఉంగరాలు తిరగాలో నిర్ణయించేది చర్మం కింద ఉన్న కుదురు. అది వంకరగా ఉంటే వెంట్రుక చుట్టలు చుట్టుకుంటూ బయటికొస్తుంది. కత్తి పైనున్న దాన్నే తీస్తుంది, కుదురును ముట్టుకోదు. నెత్తిమీద ఊరే జిడ్డు మనలాంటి తిన్నని వెంట్రుక మీద జారి కొసదాకా పోతుంది, అందుకే మూడో రోజుకల్లా మన తల జిడ్డోడుతుంది. బిగుతైన ఉంగరాల్లో ఆ జిడ్డు మొదటి రెండు మలుపుల్లోనే ఆగిపోతుంది. కొసలు ఎప్పుడూ పొడిగానే ఉంటాయి. అలాంటి జుట్టును రోజూ షాంపూతో కడిగితే ఉన్న కాస్త తడీ పోయి పుటుక్కున తెగుతుంది. నల్లజాతి వారి జుట్టుకు వారానికోసారి, లేదా రెండు వారాలకోసారి తలస్నానం చాలని అమెరికా చర్మవైద్యుల అకాడమీయే చెబుతుంది. మీ కోడలి పది రోజుల లెక్క దానికి సరిగ్గా సరిపోయింది. అయినా వారానికోసారి తలంటు పోసుకుని, జడ వేసుకుని, మళ్లీ వారందాకా విప్పని ఇళ్లలో పెరిగినవాళ్లమేగా మనం? అప్పుడు మనకు మురికి గుర్తురాలేదు.

మీరు పొడి జుట్టు మీద నూనె పెట్టారు. కొబ్బరినూనె చెడ్డది కాదు, తలస్నానానికి ముందు పెడితే వెంట్రుకలోని ప్రొటీను పోకుండా కొంత కాపాడుతుంది. కానీ నూనె తడి కాదు. ఎండిన వెంట్రుక మీద పూస్తే లోపలి పొడిదనం అలాగే ఉంటుంది, పైన జిడ్డు పేరుకుంటుంది. ఆ మీద సన్నపళ్ల దువ్వెన, అదీ కుదుళ్ల నుంచి కిందికి. పై చిక్కు జారి కింది చిక్కు మీద పడి ముడి బిగుసుకుంటుంది. ఇక లాగితే ఉంగరం ఎక్కడ మలుపు తిరిగిందో అక్కడ తెగుతుంది. నల్లవాళ్లకు జుట్టు పెరగదన్న అపోహ ఈ తెగడం వల్లే పుట్టింది. నెలకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున వాళ్లకూ పెరుగుతుంది. అయితే కొసలు తెగిపోతాయి, తెగనిది ముడుచుకుంటుంది. లాగితే ఆరంగుళాలున్న పాయ వదిలితే రెండంగుళాలకు చేరడం మామూలే.

ఆదివారం మీ కోడలు చేసే పని ఇలా ఉండాలి, పక్కన కూర్చుని చూడండి. తలను నాలుగు నుంచి ఆరు పాయలు తీసి, మిగతావాటిని క్లిప్పులతో కట్టేసి ఒక్కొక్కటే విప్పుతుంది. స్ప్రే సీసాతో తడిపి చేతి నిండా కండిషనర్ పట్టిస్తుంది. ముందు వేళ్లతోనూ, తర్వాత వెడల్పు పళ్ల దువ్వెనతోనూ కొసల దగ్గర మొదలుపెట్టి అంగుళం అంగుళం పైకి వస్తుంది. దువ్వే చోటుకు పైన రెండో చేత్తో పాయను పట్టుకుంటుంది, ఆ లాగుడు నెత్తికి తెలియకుండా. షాంపూ నెత్తికి మాత్రమే, గోరువెచ్చని నీళ్లతో. తడి ఉండగానే కడగనక్కర్లేని కండిషనర్, దాని మీద నాలుగు చుక్కల నూనె, ఆ పైన క్రీము, ఆ వరసలోనే. చివరికి రెండు పాయల మెలికలో, చిన్న జడలో వేస్తుంది. గంటన్నర నుంచి రెండు గంటల పని. మీ మనవరాలిది రెండు వంశాల జుట్టు కనుక మెడ దగ్గర వదులు ఉంగరాలూ, నడినెత్తిన బిగుతు ఉంగరాలూ ఉండొచ్చు. ఒకే తల మీద రెండు రకాలుంటే సమయం ఇంకా పడుతుంది. మన ఇళ్లలో పసివాడికి ఇలాంటి జుట్టుంటే 'చిన్ని కృష్ణుడు' అని మెటికలు విరుస్తాం.

ఆ రెండు గంటలూ తల్లీకూతుళ్లవి. మీరు అందులోకి దువ్వెనతో వెళ్లారు, అదీ తల్లి లేని పూట. మన దగ్గర అత్తగారు మనవరాలికి జడ వేయడానికి ఎవరినీ అడగనక్కర్లేదు, నిజమే. మీ కోడలు పుట్టిన చోట అలా కాదు. అక్కడ నల్లవాళ్ల తల మీద చెయ్యి వేసే హక్కు తమకుందని పైవాళ్లు అనుకున్న కాలం పెద్దది. లూసియానాలో 1786లో ఎస్టెబాన్ మీరో అనే గవర్నర్, బానిసలు కాని నల్లజాతి ఆడవాళ్లు కూడా తలకు గుడ్డ చుట్టుకుని తీరాలని ఆజ్ఞ ఇచ్చాడు. జుట్టు రకాన్నో, వేసుకున్న జడలనో చూపి ఉద్యోగంలో, బడిలో వివక్ష చూపకూడదని చట్టం రావడానికి 2019 దాకా పట్టింది. అదీ మొదట కాలిఫోర్నియాలో. దాని పేరు క్రౌన్ చట్టం. మీరున్న టెక్సాస్‌లో 2023 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే హ్యూస్టన్ దగ్గర ఒక హైస్కూలు, జడలు మరీ పొడుగున్నాయని ఒక నల్లజాతి కుర్రాణ్ణి క్లాసుకు రానివ్వలేదు. 2024 ఫిబ్రవరిలో జడ్జి స్కూలు వైపే తీర్పు చెప్పాడు. ఇక చట్టం అంటని వేధింపులు రోజూ ఉంటాయి. 'ముట్టుకోవచ్చా' అంటూనే వేళ్లు దూర్చేసే సహోద్యోగి, 'ఇది నీ సొంతమేనా' అనే పక్కసీటామె, ఇంటర్వ్యూకి తిన్నగా చేయించుకుని వెళ్లమని సలహా చెప్పే స్నేహితురాలు. 'డర్టీ' అన్న మాట మీ కోడలు మొదటిసారి విన్నది మీ నోట కాదు. సొంత ఇంట్లో వినడం మొదటిసారి అయి ఉంటుంది. ఇదంతా మీ అబ్బాయి మీకు చెప్పాల్సింది. 'వదిలేయ్ అమ్మా' అన్నది సలహా కాదు, బద్ధకం. అతనితో ఆ ముక్క నా మాటగా చెప్పండి.

స్మూతెనింగ్ ఎందుకు వద్దంటున్నానో కూడా వినండి, డబ్బు మిగులుతుంది. అక్కడ ఉంగరాలు పోగొట్టడానికి వాడే రిలాక్సర్లలో ఒక రకంలో ఉండేది కాస్టిక్ సోడా. వెంట్రుక లోపలి బంధాలను శాశ్వతంగా తెంచుతుంది, పొరపాటైతే నెత్తి కాలుతుంది. కొత్తగా మొలిచేది మళ్లీ ఉంగరాలే కనుక ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి మళ్లీ మొదలు. మన పార్లర్ల స్మూతెనింగ్ మందు వేరు. ఎప్పుడో రిలాక్సర్ పెట్టిన జుట్టు మీద అది పడితే పాయలకు పాయలు ఊడి చేతికొస్తాయి. కెరటిన్ అంటారా, చాలా రకాలు ఇస్త్రీ వేడికి ఫార్మాల్డిహైడ్ వదులుతాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ దాదాపు 33,500 మంది ఆడవాళ్లను పదేళ్లకు పైగా గమనించి 2022లో ఒక అధ్యయనం ప్రచురించింది. జుట్టు తిన్నగా చేసే రసాయనాలు వాడని వాళ్లకు 70 ఏళ్లలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతమనీ, తరచూ వాడేవాళ్లకు 4.05 శాతమనీ అంచనా వేశారు. తరచూ అంటే అంతకుముందు ఏడాదిలో నాలుగుసార్ల కన్నా ఎక్కువ. అదే కారణమని రుజువు కాలేదు, సంబంధం మాత్రం కనిపించింది. నర్సుగా చేస్తున్న అమ్మాయికి ఇది మీకన్నా నాకన్నా బాగా తెలుసు. వట్టి వేడితో తాత్కాలికంగా చేయిద్దామా అంటే, మే నెల తెనాలి ఉక్కకు ముహూర్తం లోపే అది మళ్లీ ముడుచుకుంటుంది. వేడితో సాగిన జుట్టు గాలిలో చెమ్మ తగిలితే నిలవదు.

ఇక 'విగ్గా?' అన్న ప్రశ్న. ఫొటోలో ఉన్నవి పాయలు తీసి అల్లిన సన్నజడలని మీరే రాశారు. వాటిలో కలిపేది ఎక్కువగా కృత్రిమ నార. ఒక్కసారి కూర్చుంటే ఆరేడు గంటల పని. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచుకుని విప్పేస్తారు. అంతకు మించి ఉంచితే కుదుళ్ల దగ్గర ఉండకట్టుకుపోతుంది. మరీ బిగించి అల్లితే నుదుటి అంచున తెల్లటి పొక్కులు లేస్తాయి, నెలల తరబడి అలాగే లాగితే అక్కడ జుట్టు రాదు. సొంత జుట్టును కొన్నాళ్లు ఎండా దువ్వెనా తగలకుండా దాచిపెట్టే పద్ధతి అది. విగ్గులకూ, సొంత జడల మీద కుట్టుకునే జుట్టుకూ అయితే అసలు వెంట్రుకలే వాడతారు. తిరుమల కల్యాణకట్టలో మనం ఇచ్చిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తే విదేశాలకు వెళ్లేది అందుకే. మన జుట్టును ఆ దేశపు ఆడవాళ్లు డబ్బు పోసి కొంటారు. మనం సవరం పెడితే ముచ్చట, వాళ్లు పెడితే మోసమా? సవరం లేకుండా ముప్పై ఏళ్లు గడప దాటని మీరు ఈ మాట అనకూడదు, అననివ్వకూడదు.

ఇప్పుడు తోటికోడలు. గ్రూపులో ఆవిడ పెట్టినదానికి మీరు నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నారట. మీ కోడలి ముఖం ముడుచుకోవడం ఒక్క దువ్వెన వల్లేనని మీరనుకుంటున్నారు. ఆ గ్రూపులో మీ అబ్బాయి కూడా ఉన్నాడు, అతని ఫోన్ ఆ ఇంట్లోనే ఉంటుంది. ఇవాళే అక్కడ రాయండి: 'అక్కయ్యా, అది మా కోడలి జడ. మా ఇంటి పిల్ల తల గురించి ఇంకెప్పుడూ ఇలా రాయకండి.' రెండు వాక్యాలు చాలు. సంజాయిషీ వద్దు, వివరణ వద్దు, చేతులు జోడించే బొమ్మ అసలే వద్దు. ఆవిడ అలిగితే అలగనివ్వండి, పెళ్లి ఆవిడ కూతురిది, పిలుపు ఎలాగూ వస్తుంది. పెద్ద తోటికోడలికి మర్యాద ఇవ్వాలి, కాదనను. ఇంటి ఆడపిల్లల పరువు అమ్మి ఇవ్వాల్సిన మర్యాద మాత్రం ఏ ఇంట్లోనూ లేదు.

కోడలికి క్షమాపణ మీరే చెప్పండి, కొడుకుతో కబురు పంపకండి. 'నిన్ను అడగకుండా పిల్ల తల ముట్టుకున్నాను, డర్టీ అన్నాను, రెండూ తప్పే' అని మీకొచ్చిన ఇంగ్లీషులో చెప్పండి చాలు. 'నీ మంచికే' అని తోక తగిలించకండి. వచ్చే ఆదివారం క్లిప్పులు అందించడానికి కూర్చోవచ్చా అని అడగండి. వద్దంటే లేచి వంటింట్లోకి వెళ్లండి.

పెళ్లికి ఆ జడలతోనే రానివ్వండి. వెనక్కి చేర్చి వదులుగా ముడేసి, దాని చుట్టూ మల్లెదండ తిప్పి యు పిన్నులు గుచ్చితే సాయంత్రం దాకా కదలవు. జారిపోయే మన జుట్టు మీదకన్నా నయం. పూల బరువు నుదుటి అంచుకు పడకూడదు, అంతే. మంగళస్నానాల నీళ్లు తల మీద పడితే ఆ జడలు లోపలిదాకా ఆరడానికి గంటలు పడుతుంది, తడిగా ముడేస్తే వాసన వస్తుంది. కాబట్టి ఆమె పక్కకు తప్పుకుంటే పట్టుబట్టొద్దు. జుట్టు ముట్టుకోబోయే పిన్నులూ వదినలూ కనీసం పదిమంది ఉంటారు. ఆ పూట మీరు ఆమె పక్కనే నిలబడాలి.

పుట్టువెంట్రుకల నిర్ణయం తల్లిదండ్రులది. మొక్కు ఉంటే వాళ్లిద్దరికీ ఆ సంగతి చెప్పండి, తిన్నగా వస్తుందన్న ఆశతో మాత్రం అడగకండి. గుండు వద్దంటే మూడు కత్తెరలు ఇవ్వొచ్చు, ఎన్నో కుటుంబాల్లో ఆడపిల్లలకు అలాగే ఇస్తారు.

ఈలోపు మీ పెట్టెలో జరీ లేని పాత మెత్తటి పట్టుచీర ఉంటే బయటికి తీయండి. నూలు దిండు గలీబు రాత్రంతా జుట్టులోని తడిని పీల్చేస్తుంది, పొర్లిన ప్రతిసారీ రాపిడికి చిక్కులు పడతాయి. అందుకే వాళ్లు శాటిన్ టోపీ పెట్టి పడుకోబెడతారు. మీరు పట్టుతో కుట్టండి. 45 సెంటీమీటర్ల వెడల్పున గుండ్రంగా కోసి, అంచు మడిచి, పిల్ల తల చుట్టుకొలత కన్నా మూడు సెంటీమీటర్లు తక్కువగా ఎలాస్టిక్ దూర్చండి. పెట్టాక దాని కింద మీ రెండు వేళ్లు సులువుగా దూరాలి. దూరకపోతే నుదుటి దగ్గర జుట్టు తెగుతుంది, ఇంకో సెంటీమీటరు వదలండి. చుట్టుకొలత తీసే ముందు పిల్లనే అడగండి, 'నీ తల కొలవనా' అని.