పెళ్లి దగ్గర ఆపకమ్మా

అమ్మాయీ,

నీ నవల రాత్రి పూర్తి చేశాను. వచనం బాగుంది. కానీ చివర్లో పద్దెనిమిదో శతాబ్దపు లండన్ వేశ్య ఎలిజబెత్ ఆర్మిస్టెడ్‌ని ఇంగ్లండు రాజకీయ నాయకుడు ఛార్లెస్ జేమ్స్ ఫాక్స్ కాళ్ల మీద పడేసి, "ఈ పాపిని ఉద్ధరించారు" అని ఏడిపించావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. అందుకే ఈ ఉత్తరం.

ఎవరు ఎవర్ని ఉద్ధరించారు? ఫాక్స్‌కి పాతికేళ్లు వచ్చేసరికే జూదం అప్పుల కింద తండ్రి లక్షా ఇరవై వేల పౌండ్లు కట్టాడు. అయినా బుద్ధి రాలేదు. 1781లో జప్తువాళ్లు వచ్చి ఇంట్లో సామానంతా పట్టుకుపోయారు. ఆవిడకేమో లండన్‌లో ఇల్లుంది, పాత ప్రభువులు ఏర్పాటు చేసిన భరణాలున్నాయి. 1783లో ఇద్దరూ దగ్గరయ్యాక కరిగింది ఆ సొమ్మే. లండన్‌కి కాస్త దూరంలో, చెర్ట్సీ అనే ఊరి దగ్గర కొండమీద ఇద్దరూ కాపురమున్న సెయింట్ ఆన్స్ హిల్ ఇల్లు కూడా మొదట అద్దెకు తీసుకున్నది ఆవిడే. నీ నవలలో ఆ ఇంటి గులాబీల గురించి రెండు పేజీలున్నాయి, అద్దె మాటే లేదు. మనిషికి పూట ఎలా గడుస్తోందో తేల్చకుండా ఆ మనిషి కన్నీళ్లు రాయకూడదు. ఈ మాట ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాను, వినేవాళ్లు తక్కువ.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక వారపత్రికకి కథ పంపాను. పొగాకు వ్యాపారి ఉంచుకున్న మనిషి, ఆయన పోయాక కొట్టు లెక్కలు తనే చూసుకుంటుంది. సంపాదకుడు పిలిపించి, "ఈవిడ ఎక్కడా ఏడవదేంటండీ? చివర్లో బావిలో దూకించండి, వచ్చే వారమే వేస్తాను" అన్నాడు. నేను దూకించలేదు, ఆయన వెయ్యలేదు. చేతిలో డబ్బుల్లేక ఆయన దగ్గరే ప్రూఫులు దిద్దాను, బావిలో దూకిన ఆడవాళ్ల కథలకే. ఇప్పుడు బావి పోయి ఉపన్యాసం వచ్చింది. పాత్ర చేత నాలుగు పేజీలు ఆత్మగౌరవం మీద మాట్లాడిస్తే బహుమతులిస్తున్నారు. నువ్వు ఆ దారికీ వెళ్లకు.

అసలు సంగతికొస్తాను. 1795 సెప్టెంబరు 28న వైటన్ అనే చిన్న ఊరి చర్చిలో వాళ్ల పెళ్లయింది. నువ్వు అక్కడ పుస్తకం మూసేశావు. ఆ పెళ్లి సంగతి 1802 దాకా లోకానికి తెలియదు. గుట్టుగా ఉంచమన్నది ఆవిడేనంటారు. ఏడేళ్లమ్మా! చట్టానికి భార్య, ఊరికి ఉంచుకున్న మనిషి. మగ స్నేహితులు వచ్చి భోంచేసి, రాజకీయాలు మాట్లాడి వెళ్తారు. వాళ్లింటి ఆడవాళ్లు చాలామంది ఆ గడప తొక్కరు. ఒక్క మాట చెబితే చాలు, ఆవిడ చెప్పదు. 1797 నుంచి ఫాక్స్ పార్లమెంటుకి వెళ్లడం దాదాపు మానేసి ఆ కొండమీదే ఉండిపోయాడు. తోట పని, చదువు. ఆ గదిలో ఆయన పుస్తకం చదువుతుంటే ఎదురుగా కూర్చున్న మనిషికి ఏమనిపించేది? నువ్వు రాయాల్సింది అది.

1802లో పారిస్ వెళ్తూ పెళ్లి సంగతి బయటపెట్టారు. అప్పుడు ఫాక్స్ స్నేహబృందంలోని లేడీ బెస్‌బరో ఒక ఉత్తరంలో విచిత్రమైన సంగతి రాసింది: ఉంపుడుగత్తెను పెట్టుకున్నాడని తప్పుబట్టినవాళ్లే, ఆమె ఇన్నాళ్లుగా పెళ్లామేనని తెలిసి ఇంకా ఎక్కువ మండిపడ్డారట. అందులో ఒక అధ్యాయం ఉంది. నీకు కనబడలేదా?

నాలుగేళ్లకే, 1806 సెప్టెంబరు 13న, చిజిక్‌లో ఫాక్స్ పోయాడు. పోయేముందు కూడా "నా లిజ్" అనే పిలిచాడు. ఆవిడ ఆ కొండమీద ఇంకో ముప్ఫై ఆరేళ్లు బతికింది. ఏడాదికి 1,200 పౌండ్ల పింఛను, ఊళ్లో మర్యాద. 1842లో పోయేనాటికి తొంభై రెండేళ్లకి కొద్ది రోజులే తక్కువ. నీ పుస్తకంలో ఆ ముసలావిడకి ఒక్క పేరా కూడా ఇవ్వలేదు.

పెళ్లిని మూడో అధ్యాయానికి తీసుకురా. కాళ్ల మీద పడే సీను తీసెయ్. తిరగరాశాక పోస్టులో పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింట్ తీయించు, ఫోన్‌లో చదవడం నా వల్ల కాదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు